మాల్టీసు భాష – అన్యభాషా సంపర్క చరిత్ర

మధ్యధరా సముద్రమున సిసిలీ ద్వీపమునకు దక్షిణముగ సుమారు 90 కిలోమీటర్ల దూరమున మాల్టా, గోజో, కొమీనో అను దీవులు కలవు. వీని మొత్తము వైశాల్యము 316 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అనగా మన హైదరాబాదు జిల్లాకు ఒకటిన్నర రెట్లని స్థూలముగ చెప్పవచ్చును. 2021వ సంవత్సరపు జనగణనలో ఇచటి నివాసుల సంఖ్య సుమారు 5 లక్షల 19 వేలుగ తేలినది. ఇంత చిన్న దేశపు భాషను గూర్చి తెలుగు పరిశోధకులు తెలిసికొనవలసిన దేమున్నదని కొందఱు శంకింపవచ్చును. కాని భాషాశాస్త్రమున తఱచుగ చర్చకు వచ్చు ఒక మూలప్రశ్నకు ఈ దీవుల భాష లభింపజేయు సాక్ష్యమువంటి సాక్ష్యము అన్యత్ర దుర్లభము. ఆ ప్రశ్న యిది: ఒక భాష యొక్క వంశమును నిర్ణయించునది పదజాలమా, వ్యాకరణమా? మాల్టీసు నిఘంటువున సగమునకు మించిన పదములు ఇటలీ, సిసిలీ భాషలనుండి వచ్చినవి. అయినను ఆ భాష ఇటాలియను కుటుంబమునకు చెందినది కాదు. అది అరబ్బీ సంతానము. సెమెటిక్ భాషలలో లాటిను లిపిని గ్రహించి రాజ్యభాషగ స్థిరపడినది ఇదియొక్కటే.

ఉదాహృత పదములను గూర్చి ఒకమాట. మాల్టీసు వర్ణమాలలో లాటిను లిపికి చెందిన ‘క్యూ’ అను అక్షరము కంఠమున శ్వాసను తటాలున ఆపి విడుచుటచే పుట్టు ధ్వనిని తెలుపును. తెలుగున అట్టి వర్ణము లేదు. ఈ వ్యాసమున దానిని ‘ఖ’ కారముతో సూచించితిమి. కావున ‘ఖల్బ్’ (హృదయము) అని మేము వ్రాసిన పదమును అచటి జనులు దాదాపు ‘అల్బ్’ అనియే పలుకుదురని పాఠకులు గ్రహింపవలయును.

ఈ దీవులలో ఫినీషియనులు క్రీస్తుకు పూర్వము 8వ శతాబ్ది ప్రాంతమున నెలకొనిరి. పిమ్మట కార్తేజి పాలకులు, క్రీ.పూ. 218లో రోమనులు వీనిని వశపఱచుకొనిరి. ఆ కాలమున ప్యూనిక్, గ్రీకు, లాటిను భాషలు మూడును ఇచట వ్యవహారమున నుండెను. మెల్‌కార్త్ దేవునకు సమర్పింపబడిన రెండు చలువఱాతి స్తంభములపై ఫినీషియను, గ్రీకు భాషలలో జంటగ చెక్కబడిన శాసనము మాల్టాలోనే దొరకినది. 1758లో బార్తెలెమీ అను ఫ్రెంచి పండితుడు ఫినీషియను లిపి రహస్యమును ఛేదించుటకు ఆ శాసనమే తోడ్పడినది. క్రైస్తవుల అపొస్తలుల కార్యములు అను గ్రంథమున 28వ అధ్యాయమున, పౌలు ఎక్కిన ఓడ పగిలి ఈ దీవిని చేరిన వృత్తాంతము కలదు. గ్రీకు మూలము అచటి జనులను ‘బార్బరోయి’ అని పేర్కొనుచున్నది. తెలుగు బైబిలున ఇది ‘అనాగరికులు’ అయినది గాని, మూలమున ఆ మాటకు గ్రీకు మాటలాడని వారని అర్థము. ఈ ఒక్క పదమునుండి, సామాన్యజనుల వాడుకలో అప్పటికిని ప్యూనిక్ భాషయే నిలిచియుండెనని పలువురు ఊహించిరి. ఊహ సమంజసమే. కాని ఆ ప్యూనిక్ భాషయే నేటి మాల్టీసుగ పరిణమించినదా యనుట వేఱొక ప్రశ్న. దానిపై రెండు శతాబ్దములు వాదములు చెలరేగినవి.

870లో ఉత్తరాఫ్రికా నేలుచుండిన అగ్లబీ వంశీయుల సేనలు బైజాంటియ ప్రభువులనుండి మాల్టాను గెలుచుకొనెను. భాషాచరిత్రకు సంబంధించినంతవరకు దీవుల జీవితమున ఇంతకంటె ముఖ్యమైన సంఘటన లేదు. అయితే ఆ విజయము తరువాత జరిగిన దేమి? అల్ హిమ్యరీ అను అరబ్బీ భూగోళగ్రంథకర్త వ్రాసినదానిని బట్టి, ఆ దండయాత్ర పిమ్మట దీవి పాడుపడి నిర్జనమై యుండగా, హిజరీ 440వ సంవత్సరమున, అనగా 1048–49లో, ముసల్మానులు వచ్చి దానిని మరల నివాసయోగ్యముగ చేసిరి. మాల్టా పండితుడు జోసెఫ్ బ్రింకాట్ ఈ వృత్తాంతమును వెలుగులోనికి తెచ్చి విమర్శించిన పిదప, ప్రాచీనభాష అవిచ్ఛిన్నముగ కొనసాగినదను వాదము మిక్కిలి బలహీనమైనది. నిర్జనమనుమాటను అక్షరశః గ్రహింపరాదనియు, కొలదిమంది మిగిలియుందురనియు చెప్పువారు కలరు. పురావస్తు శోధనలును దీవి పూర్తిగ శూన్యమైనదని రుజువు చేయలేదు. మా యభిప్రాయమున ఈ వివాదము జనచరిత్రకు ముఖ్యమేగాని భాషావంశ నిర్ణయమునకు అంత ముఖ్యము కాదు. మిగిలినవారు కొందఱున్నను, వారి పూర్వభాష నేటి మాల్టీసున గుర్తింపదగిన జాడ నేదియు విడువలేదు. క్రొత్తగ వచ్చినవారి భాషయే భాష యైనది.

ఆ క్రొత్తవారు సిసిలీనుండి వచ్చిరని భాషాలక్షణములు తెలుపుచున్నవి. అప్పటి సిసిలీ అరబ్బుల ఏలుబడిలోనిది. అచట వాడుకలో నుండిన అరబ్బీ ట్యునీసియా ప్రాంతపు మాండలికములకు సన్నిహితము. 1091లో నార్మను ప్రభువైన రోజరు మాల్టాపై దండెత్తెను. 1127లో అతని కుమారుడు రెండవ రోజరు దీవులను స్థిరముగ తన రాజ్యమున కలుపుకొనెను. పాలకులు మాఱినను ప్రజల భాష మాఱలేదు. 13వ శతాబ్ది మధ్యకాలమునాటికి ముసల్మానులు మతము మార్చుకొనుటయో, దేశము విడుచుటయో జరిగెను. సిసిలీలో అరబ్బీ క్రమముగ నశించి, సిసిలీ మాటలలో కొన్ని పదములుగ మాత్రమే మిగిలినది. మాల్టాలో మాత్రము నిలిచినది. పెద్ద దీవిలో చచ్చిన భాష చిన్న దీవిలో బ్రతుకుట వింతగ తోచును గాని, చిన్న దీవికి వలస వచ్చిన లాటిను జాతివారి సంఖ్య మిక్కిలి స్వల్పమగుట ఇందుకు కారణమై యుండును.

ఇచట ఒక విశేషమును గమనింపవలయును. ఈజిప్టు, సిరియా, మొరాకో మొదలగు దేశములలో ఇంటిభాష ఎంత మాఱినను, ఖురాను భాష, పండితభాష పైనుండి దానిని అదుపులో నుంచుచునే యున్నవి. మాల్టా జనులు క్రైస్తవులైన పిదప ఆ సంబంధము తెగిపోయినది. వారికి పండితభాష లాటిను, తరువాత ఇటాలియను. గ్రాంథికమునకు దూరమై, దానివలన సంస్కారమును గాని నిర్బంధమును గాని పొందక ఎనిమిది వందల ఏండ్లు స్వేచ్ఛగ పెరిగిన వ్యావహారిక అరబ్బీ ఎట్లుండునో చూడదలచినవారికి మాల్టీసే నిదర్శనము.

వ్యాకరణ సాక్ష్యమునకు వత్తము. ప్యూనిక్, హీబ్రూ మొదలగు కనానీయ భాషలలో నిశ్చయార్థక ఉపపదము ‘హ’ కారముతో కూడినది, అరబ్బీలో ‘అల్’. మాల్టీసున అది ‘ఇల్’. బహువచనమును ప్రత్యయముచే గాక పదము నడిమి అచ్చులను మార్చుటచే సాధించు పద్ధతి అరబ్బీలో సర్వసాధారణము, కనానీయ భాషలలో అట్టి వ్యవస్థ లేదు. మాల్టీసున ‘క్తియెబ్’ (పుస్తకము) అనుదానికి ‘కొత్బా’ బహువచనము. ఇంకను సూక్ష్మమైన సాక్ష్యము క్రియలలో కలదు. తూర్పు అరబ్బీ మాండలికములలో ‘న’ కార పూర్వప్రత్యయము ‘మేము’ అను అర్థమునకే పరిమితము. మాల్టీసున ‘నిక్తెబ్’ అనగా నేను వ్రాయుచున్నాను, ‘నిక్త్బు’ అనగా మేము వ్రాయుచున్నాము. ఏకవచనమునను నకారమే. ట్యునీసియా మొదలు మొరాకో వఱకు గల పడమటి అరబ్బీలకు ఇదియే ముఖ్యలక్షణము. ఒక్క ప్రత్యయము చాలును, భాష ఏ దిక్కునుండి ఓడ యెక్కినదో చెప్పుటకు.

ఇంత స్పష్టమైన విషయమును గుర్తించుటకు పండితులకు చాలకాలము పట్టినది. 1750లో ఆజియుస్ డి సోల్దానిస్ అను గోజో మతాచార్యుడు ప్రకటించిన గ్రంథపు నామమే ‘మాల్టీయులు నేడు వాడు ప్యూనిక్ భాష’ అని సూచించునట్టిది. మాల్టీసు భాషా పితామహుడని చెప్పదగిన మికీల్ ఆంతోన్ వస్సల్లీ (1764–1829) కూడ 1791లో ప్రకటించిన వ్యాకరణమునకు ఫినీషియను–ప్యూనిక్ అను విశేషణమునే తగిలించెను. ఇందుకు కారణము కేవలము అజ్ఞానము కాదని మాకు తోచుచున్నది. అప్పుడు దీవుల నేలుచుండినవారు ముసల్మానులతో యుద్ధమే వ్రతముగ గల సెయింట్ జాన్ సంఘపు వీరులు. 1565లో తురుష్కుల మహాముట్టడిని త్రిప్పికొట్టుట దేశపు ఘనతలలోనెల్ల ఘనతగ ఎంచబడుచుండెను. అట్టి దేశమున తమ తల్లిభాష శత్రువుల భాషకు బిడ్డ యని ఒప్పుకొనుట సులభము కాదు. ఫినీషియా వంశమన్నచో ప్రాచీనతయు దక్కును, పౌలునాటి క్రైస్తవముతో సంబంధమును తెగదు. 1810లో విల్‌హెల్మ్ గెసేనియుస్ అను జర్మను హీబ్రూ పండితుడు మాల్టీసు అరబ్బీ జన్యమని సోపపత్తికముగ నిరూపించెను. అయినను ప్యూనిక్ వాదము దేశమున తరువాత చాలకాలము జీవించియేయుండెను.

తెలుగువారికి ఈ కథ వినినట్లే యుండును. గెసేనియుస్ గ్రంథము వెలువడిన ఆఱేండ్లకు, 1816లో, క్యాంబెలు రచించిన తెలుగు వ్యాకరణపు పీఠికకు అనుబంధముగ ఫ్రాన్సిస్ ఎల్లిసు వ్రాసిన వ్యాసమున, సంస్కృతపదములు ఎంత విస్తారముగ నున్నను తెలుగు సంస్కృతజన్యము కాదని నిరూపింపబడినది. ఇద్దఱి తర్కమును ఒకటియే: అరువు పదములను ప్రక్కకు తీసి, మిగిలిన ధాతువులను, ప్రత్యయములను చూడవలయును. ఒకరి వాదము మఱొకరికి తెలిసియుండెనని చెప్పుటకు ఆధారము లేదు. ఆ కాలపు భాషాశాస్త్రము వేర్వేఱు తావులలో ఒకే పరికరమును చేపట్టినది.

వస్సల్లీని గూర్చి మఱికొంత చెప్పక తప్పదు. అతడు 1796లో మాల్టీసు–లాటిను–ఇటాలియను నిఘంటువును ప్రకటించి, దాని పీఠికను మాల్టా జాతిని సంబోధించి వ్రాసెను. ప్రజలకు వారి భాషలో విద్య గఱపవలయునని వాదించెను. మఱుసటి యేటనే వీరసంఘ ప్రభుత్వముపై కుట్ర చేసెనను నేరముపై చెఱసాల పాలయ్యెను. జీవితమున పెక్కేండ్లు ప్రవాసమున గడపెను. తుదకు 1825లో మాల్టా విశ్వవిద్యాలయమున మాల్టీసు భాషకు ఆచార్యుడయ్యెను. వంశనామమున పొరబడినను, భాషను ప్రేమించుటలోను, పల్లెలలోని పదములను సేకరించుటలోను అతడు పొరబడలేదు. 1828లో ప్రకటించిన సామెతల సంపుటము ఇప్పటికిని ఉపకరించుచున్నది.

ధ్వనులలో జరిగిన మార్పులను క్లుప్తముగ చెప్పెదము. అరబ్బీలోని గంభీర హల్లులు సాధారణ తకార, దకార, సకారములలో కలిసిపోయినవి. కంఠమునుండి పలుకు రెండు వేర్వేఱు ధ్వనులు ఒకటై, ఆ ఒకటియు చాలచోట్ల లోపించి, ప్రక్క అచ్చును దీర్ఘము చేయుటకు మాత్రము మిగిలినది. వ్రాతలో దాని గుర్తు నేటికిని రెండక్షరముల జంటగ నిలిచియున్నది. దీర్ఘ ఆకారము ‘ఇయె’ యైనది: ‘బాబ్’ (తలుపు) ‘బియెబ్’గను, ‘లిసాన్’ (నాలుక, భాష) ‘ఇల్సియెన్’గను మాఱినవి. మఱియొకవైపు అరబ్బీలో లేని పకార, వకారములు ఇటలీ పదములతో ప్రవేశించి సుస్థిరమైనవి.

మాల్టీసు పేరు వ్రాతలకు ఎక్కుట ఆలస్యముగ జరిగినది. ‘మాల్టా భాష’ యని దానిని పేర్కొన్న మొదటి ఆధారము 1436 నాటి ఒక మరణశాసనమున కలదు. అంతవఱకు పత్రములు లాటినులోను, సిసిలీ భాషలోను నడిచెను. ఇంటిభాషను కాగితముపై పెట్టవలసిన అవసరము ఎవ్వరికిని తోచలేదు. 1966లో గాడ్‌ఫ్రీ వెట్టింజరు, మికీల్ ఫ్సాద్నీ అను పరిశోధకులిద్దఱు నోటరీల పాత దస్తావేజులను వెదకుచుండగా, 16వ శతాబ్దికి చెందిన ఒక పుస్తకమున మాల్టీసు భాషలో ఇరువది పాదముల పద్యము కంటబడినది. ఆ పుస్తకమును వ్రాసిన నోటరీ బ్రండానో, తన వంశమున పూర్వికుడైన పియెత్రు కషారో రచించిన దానిని అందు నకలు చేసియుంచెను. కషారో 1485లో మరణించెను గనుక పద్యము 15వ శతాబ్దిది. ‘కాంతిలేనా’ యని ప్రసిద్ధికెక్కిన ఈ రచనను వెట్టింజరు, ఫ్సాద్నీలు 1968లో ప్రకటించిరి. కూలిపోయిన ఇంటిని గూర్చి విలపించి, పునాదికి ఱాయి దొరకునని తలచినచోట మెత్తని మట్టి బయల్పడినదని కవి చెప్పుకొనును. అది నిజముగ గోడ కూలుటయా, ప్రేమభంగమా, రాజకీయమా యను చర్చ తెగలేదు. దానిలోనికి మేము పోము.

భాషాచరిత్రకారునికి ఆ పద్యము అందించునది వేఱు. అందలి మాటలు దాదాపు అన్నియు సెమెటిక్ పదములే. అదృష్టమను అర్థముగల ‘వింతురా’ అనుపదము అరువు సొమ్ముగ కొట్టవచ్చినట్లు కనబడును. కవి సామాన్యుడు కాడు; న్యాయస్థానములలోను, పట్టణసభలోను అధికారము నెఱపినవాడు; లాటిను, సిసిలీ భాషలు ఎఱిగినవాడు. అట్టివాడును మాల్టీసున వ్రాయునపుడు పరభాషాపదములను అంత మితముగ వాడెననిన, 15వ శతాబ్దిలో ఇటలీ పదములు భాషలో ఇంకను అంతగ ఇంకలేదని ఊహింపవచ్చును. ఒక్క పద్యముతో సిద్ధాంతము చేయరాదనుట నిజమే. కవి బుద్ధిపూర్వకముగ దేశ్యమునే కోరియుండవచ్చును. అయినను తరువాతి శతాబ్దముల మాల్టీసుతో పోల్చిచూచిన భేదము స్ఫుటముగ నున్నది.

1530లో అయిదవ చార్లెసు చక్రవర్తి దీవులను సెయింట్ జాన్ సంఘమునకు ఇచ్చెను. 1566లో వలెట్టా నగరమునకు శంకుస్థాపన జరిగెను. ఓడలు, కోటలు, ఆస్పత్రి, నావికాదళము పనివారిని ఆకర్షించినవి. రేవు చుట్టును క్రొత్త పట్టణములు వెలసి, సిసిలీనుండి, ఇటలీనుండి జనము వచ్చి చేరెను. పాలకసంఘము పలు జాతులవారితో కూడినదైనను, వ్రాతకోతలు ఇటాలియనులో జరుగుచుండెను. ఈ 268 ఏండ్లలోనే భాష రూపురేఖలు మాఱినవి. సంఘమున ఫ్రెంచివారు ప్రబలులైనను వారి భాషనుండి వచ్చినవి కొలది: ఉదయమున ‘బొంజు’, సాయంకాలమున ‘బొంస్వా’ అను పలుకరింపులు నేటికిని వాడుకలో నున్నవి. వందనములు చెప్పుటకు ఇటలీ మాట ‘గ్రాత్సి’. స్వాగతమునకు అరబ్బీ ‘మెర్హబా’. గడప దాటులోపల మూడు దేశముల మాటలు వినబడును.

అరువు పదములలో సిసిలీ పొర మొదటిది, టస్కనీ ఇటాలియను పొర దానిపైది. సిసిలీ మాటలలో ఒకార, ఎకారములకు బదులు ఉకార, ఇకారములు వచ్చును. మాల్టీసున రంగునకు ‘కులూర్’, నాణెమునకు ‘మునీతా’ యని వాడుట ఆ పొరకు చెందినది. బంధువాచకములు మిక్కిలి రుచికరములు. తల్లి ‘ఒమ్మ్’, సోదరుడు ‘హు’, సోదరి ‘ఒహ్త్’: ఇవి అరబ్బీవి. కాని తండ్రి ‘మిస్సియెర్’. ఇది అయ్యగారు అను అర్థముగల పాత ఇటలీ గౌరవవాచకము ‘మెస్సెర్’ నుండి వచ్చినది. తాత ‘నన్ను’, అవ్వ ‘నన్నా’, మామ లేక పినతండ్రి ‘జియు’: ఇవియు ఇటలీవే. గౌరవమునకు సంబంధించినచోట పరభాష ప్రవేశించుట, తల్లి మాటను మాత్రము ఎవ్వరును మార్చుకొనకుండుట గమనింపదగినది. మాల్టా ‘నన్నా’కు మన ‘నాన్న’కు సంబంధమేమని ఉత్సాహపడు విద్యార్థులుందురు. సంబంధ మేమియు లేదు. పసిబిడ్డల పలుకులు లోకమంతట ఒకే తీరున నుండును.

మతపదములు మఱింత చోద్యము. రోమను కథోలిక మతమును ఇంత దృఢముగ పట్టుకొనిన దేశములు ఐరోపాలో కొన్నియే. ఐనను వారి ప్రార్థనలో దేవుడు ‘అల్లా’. మతాచార్యుడు ‘ఖస్సీస్’, దేవాలయము ‘క్నిస్యా’, క్రీస్తు జన్మదినము ‘మిలియెద్’; ఈస్టరు పండుగకు అరబ్బీ ‘ఈద్’ శబ్దమే పేరైనది. ఈస్టరునకు ముందటి నలువది దినముల ఉపవాసకాలమును ‘రందాన్’ అందురు. ఇది రంజాను శబ్దమే. వీనిలో ‘ఖస్సీస్’, ‘క్నిస్యా’ల వంటివి అరబ్బీ మాటలాడు క్రైస్తవులు అంతకు పూర్వమే వాడుచుండినవి. ‘రందాన్’ మాత్రము ముస్లిము జీవితమునుండియే రావలెను. జనులు మతమును మార్చుకొనిరి గాని మాటలను మార్చుకొనలేదు. ఉన్న పదమును క్రొత్త వ్రతమునకు పెట్టుకొనిరి. ఊళ్ల పేర్లును అట్లే: పాత రాజధాని ‘మ్దీనా’ అనగా నగరము, ‘మర్సా’ అనగా రేవు, ‘జేయ్‌తూన్’ అనగా ఒలీవ. ‘సుల్తాన్’ అనగా రాజు. చట్టము, ప్రభుత్వము మాత్రము ఇటలీ పదములతో ‘లీజి’, ‘గ్వెర్న్’ అయినవి. నీరు, రొట్టె, గోధుమ, నాగలి, అంకెలు, అంగములు మొదలగు నిత్యజీవన పదములు అరబ్బీలోనే నిలిచినవి.

అయితే పదములు వచ్చిచేరుట ఒక యెత్తు, వచ్చినవి ఇచటి వ్యాకరణమునకు లోబడుట మఱియొక యెత్తు. మాల్టీసు గొప్పతనము ఈ రెండవదానిలో నున్నది. గదికి ‘కమ్రా’ యను ఇటలీ మాటను గ్రహించి, దానికి ‘క్మామర్’ అని అరబ్బీ పద్ధతిలో అచ్చులు మార్చి బహువచనము కట్టిరి. పాము ‘సెర్ప్’, పాములు ‘స్రియెప్’. పాఠశాల ‘స్కోలా’, పాఠశాలలు ‘స్కెయ్యెల్’. ఇటలీవాడు విన్నచో తన మాటను తానే గుర్తింపలేడు. చిత్రకారుడను పదమునుండి ప-త-ర అను మూడు హల్లుల ధాతువును పిండి ‘పిత్తెర్’ (చిత్రించెను) అను క్రియను చేసిరి. క-త-బ ధాతువునుండి ‘కితెబ్’ (వ్రాసెను), ‘కిత్తియెబ్’ (రచయిత), ‘మిక్తూబ్’ (వ్రాయబడినది) పుట్టినట్లే పరాయి ధాతువునుండియు పిల్లలు పుట్టినవి. తరువాత వచ్చిన క్రియలకు ధాతువు తీయు శ్రమ తప్పినది: పాడుటకు ‘కంతా’ యను ఇటలీ క్రియను అచ్చుతో ముగియు అరబ్బీ క్రియల వరుసలో చేర్చి ‘కంతాయ్త్’ (నేను పాడితిని) అనిరి. ఎదురు బాకీయు కొంత కలదు. ‘షెమ్ష్’ (సూర్యుడు) అను అరబ్బీ పదమునకు ఇటలీ ప్రత్యయము తగిలించి ‘షెమ్షాతా’ (వడదెబ్బ) అనిరి. మన వ్యాకర్తలు తత్సమ తద్భవములని విభజించిన చూపుతో చూచిన, ‘స్కెయ్యెల్’ వంటివి తద్భవములనియు, ఆలస్యముగ వచ్చినవి తత్సమములనియు చెప్పుకొనవచ్చును. కాని మన తద్భవములలో ధ్వని మాఱునే గాని పదమధ్యమున వ్యాకరణమే చొచ్చుకొనిపోదు.

జోసెఫ్ అక్విలీనా (1911–1997) 1937లో విశ్వవిద్యాలయమున మాల్టీసు ఆచార్యపీఠమును అధిష్ఠించి, జీవితాంతము కృషి చేసి 1987, 1990లలో రెండు సంపుటముల నిఘంటువును వెలువరించెను. అందలి పదములను తరువాతివారు లెక్కించి చూడగా, ఇటాలియను, సిసిలీ పదములు సుమారు నూటికి 52, సెమెటిక్ పదములు 32, ఆంగ్లపదములు 6 గ తేలినవి. ఈ లెక్కను చూపి మాల్టీసు మిశ్రభాష యనువారు కలరు. నిఘంటువున ఒక్కొక్క పదము ఒక్కొక్కసారియే లెక్కకు వచ్చును. వాక్యమున అట్లు కాదు. సర్వనామములు, విభక్త్యర్థక పదములు, సంఖ్యలు, మూలక్రియలు మాటిమాటికి వచ్చునవి. అవి సెమెటిక్ పదములు. పల్లెలోని వృద్ధుని మాటను, వార్తాపత్రికలోని ఆర్థికవ్యాసమును ప్రక్కప్రక్కన పెట్టి లెక్కించిన ఫలితములు వేర్వేఱుగ వచ్చును. శాతములతో వంశనిర్ణయము చేయుట త్రాసుతో దూరము కొలుచుటవంటిది.

ఈ ప్రశ్న కేవలము పండితుల ప్రశ్నగ మిగులలేదు. 1800లో బ్రిటిషువారు దీవులను ఆక్రమించిరి. 1814 నాటి పారిసు సంధితో వారి యధికారము స్థిరపడెను. న్యాయస్థానములలో, విద్యలో, సాహిత్యమున అప్పటికి ఇటాలియను రాజ్యమేలుచుండెను. విద్యావిధానమును పరిశీలించిన పాట్రిక్ కీనను 1880లో వెలువడిన నివేదికలో మాల్టీసునకు, ఆంగ్లమునకు ప్రాధాన్యము కల్పింపుమని సూచించెను. అంతట ‘భాషాసమస్య’ యని పేరొందిన పోరాటము మొదలై, రమారమి అర్ధశతాబ్దము దేశరాజకీయములను నడపినది. న్యాయవాదులు, మతాచార్యులు, పాతకుటుంబములవారు ఇటాలియను పక్షము. వారి దృష్టిలో మాల్టీసు వంటింటి మాట. ప్రభుత్వమునకు ఇటాలియనును తొలగించుటయందు శ్రద్ధయే గాని మాల్టీసుపై ప్రేమ తక్కువ. ఇరువురు పెద్దల పోరులో మూడవదానికి లాభము కలిగినది. తరువాత ముస్సోలినీ ప్రభుత్వము మాల్టా తమదేయని చాటి, మాల్టీసు ఇటాలియనుకు ఒక మాండలికమని ప్రచారము చేయించినపుడు, గెసేనియుస్ తేల్చిన శాస్త్రవిషయము దేశరక్షణ విషయమైనది.

ఈలోగా భాషాభిమానులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1920లో రచయితల సంఘమేర్పడి, 1924లో ముప్పది అక్షరముల వర్ణమాలను, వర్ణక్రమ నియమములను ప్రకటించెను. అంతవఱకు ఒక్కొక్క రచయితది ఒక్కొక్క వ్రాత. 1934లో ఆ లిపి ప్రభుత్వామోదమును పొందినది. అదే సంవత్సరమున మాల్టీసు ఆంగ్లముతోపాటు అధికారభాషయై, ఇటాలియను తన స్థానమును కోల్పోయినది. జాతీయగీత కర్తయైన దున్ కార్మ్ (1871–1961) మొదట ఇటాలియనులో కవిగ పేరు పొందినవాడు. 1912లో మాల్టీసునకు మరలెను. అతని వంటివాడు మరలుటచే వంటింటి మాట యను నింద తనంత తానే జాఱిపోయినది.

1964లో మాల్టా స్వతంత్రమయ్యెను. రాజ్యాంగము మాల్టీసును జాతీయభాషగను, దానితోపాటు ఆంగ్లమును అధికారభాషగను గుర్తించెను. 2004 మే నెలలో దేశము ఐరోపా సమాఖ్యలో చేరగా మాల్టీసు ఆ సమాఖ్య అధికారభాషలలో ఒకటైనది. కాని చట్టములన్నిటిని అనువదించుటకు తగినంతమంది అనువాదకులు లేక, మూడేండ్లపాటు మినహాయింపు పొందవలసి వచ్చెను. గౌరవము ముందు వచ్చి మనుష్యులు వెనుక వచ్చిరి. 2005లో ఏర్పడిన మాల్టీసు భాషా జాతీయ మండలి 2008లో వర్ణక్రమ భేదములపై మొదటి నిర్ణయములను ప్రకటించినది.

ఇప్పటి సంపర్కము ఆంగ్లముతో. పాఠశాలలలో రెండు భాషలును నడుచును. పలు ఇండ్లలో పిల్లలతో ఆంగ్లమే మాటలాడుదురు. 2021 జనగణనలో నివాసులలో అయిదవవంతుకు మించి విదేశీయులు. వారిలో భారతీయులును కలరు. వీరితో వ్యవహారము ఆంగ్లమున నడుచును గాని మాల్టీసున నడువదు. ఆంగ్లపదములు రెండు వేషములతో ప్రవేశించుచున్నవి. కొన్ని ఇటలీ చొక్కా తొడుగుకొని వచ్చును: విద్యకు ‘ఎదుకత్సియోని’ యందురు, ఆకారము ఇటలీది, అర్థము ఆంగ్లమునది, ఏలయన ఇటలీలో ఆ మాటకు పెంపకము, మర్యాద అను అర్థమే ప్రధానము. మఱికొన్ని ఉన్నవున్నట్లే వచ్చును. వీనిని ఆంగ్ల వర్ణక్రమమున వ్రాయుటయా, మాల్టీసు వర్ణక్రమమున వ్రాయుటయా యని పత్రికలలో వాదములు జరిగినవి. బస్సును, రైలును తెలుగు లిపిలో వ్రాయుటకు మనమెన్నడును సంకోచింపలేదు. లిపి యొకటే యైన చోట ఈ చిక్కు వచ్చును.

పాత ‘కిట్లా’ (నీరు కాచు ఆంగ్లదేశపు కెటిలు) మాత్రము ఎప్పుడో ‘క్తియెలి’ యను అరబ్బీ బహువచనమును సంపాదించుకొన్నది. బండి నిలుపుటకు ఆంగ్లము ‘పార్కు’ అనుచున్నది. మాల్టా పౌరుడు మొదటి హల్లును ద్విత్వము చేసి, దానికి ముందు ఇకారమును, తుదిని ఇటలీ యచ్చును చేర్చి ‘ఇప్పార్క్యా’ యనును. నిన్న తానే నిలిపియుండిన ‘ఇప్పార్క్యాయ్త్’ అనును. ధాతువు ఆంగ్లము, మధ్య ప్రత్యయము ఇటలీ, తుది ‘యత్’ కారము వెయ్యేండ్ల క్రిందట సిసిలీ రేవునుండి వచ్చిన అరబ్బీ.